రెండేళ్ళ పిల్లవాడికి పరీక్ష ఏమిటండీ?

నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. ఇక్కడికొచ్చి మాస్టర్స్ చేసింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో. డాక్టర్ని కాను, సైకాలజీ ఒక్క క్లాసు కూడా చదవలేదు. పసిపిల్లల ప్రవర్తన గురించి రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే. మా అబ్బాయి పద్దెనిమిది నెలల చెకప్పులో ఒక ఫారం తప్పుగా నింపాను. దాని వల్ల ఆరు నెలలు పోయాయి. ఆ ఫారాలు ఎవరు తయారుచేశారు, మార్కులు ఎలా వేస్తారు, మార్కులు వేశాక ఎక్కడికి వెళ్ళాలి అన్నవి ఆ తరవాత కూర్చుని చదువుకున్నాను. అదేదో ముందే చదువుకుని ఉంటే బాగుండేది కదా అనిపించి, చిన్నపిల్లలున్న మనవాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మేముండేది న్యూజెర్సీలో ఐసెలిన్. ఓక్ ట్రీ రోడ్డు, మెట్రోపార్క్ స్టేషను, శనివారం వస్తే పార్కింగు దొరకని కిరాణా కొట్లు... మనవాళ్ళకి పరిచయం అక్కర్లేని ఊరు. మా వాడికి అప్పుడు నాలుగైదు మాటలు వచ్చు. ఏదన్నా కావాలంటే వేలితో చూపించేవాడు కాదు. నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్ళి, నా చేతినే తీసి హ్యాండిల్ మీద పెట్టేవాడు. "ఎంత తెలివో చూడు" అని మురిసిపోయేవాళ్ళం. కోపం వస్తే మాత్రం నేల మీద పడి తల కొట్టుకునేవాడు, ఒక్కోసారి అరగంటకి గానీ చల్లబడేవాడు కాదు. మా అమ్మ ఆర్నెల్లుండి వెళ్దామని వచ్చింది. "నువ్వూ మూడేళ్ళ దాకా నోరు విప్పలేదురా. ఇప్పుడు రోజంతా ఫోన్లో మీటింగులు పెట్టడం లేదూ?" అనేది. మనవడికి మాటలొస్తాయని సూట్‌కేసులో వసకొమ్ము కూడా తెచ్చింది.

డాక్టరు ఆఫీసులో క్లిప్‌బోర్డు మీద ఒక ఫారం ఇచ్చారు. ఇరవై ప్రశ్నలు, ప్రతి దానికీ అవును, కాదు. వేలితో చూపిస్తాడా అంటే, ఎప్పుడో బాల్కనీలోంచి చందమామని చూపించినట్టు గుర్తు, "అవును". పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తాడా అంటే, టీవీ లేనప్పుడు తిరుగుతాడు కదా, "అవును". ఒక్కసారి ముట్టుకున్న టెక్నాలజీని కూడా రెజ్యూమెలో రాసుకునే అలవాటు ఎక్కడికి పోతుంది! అన్నిటికీ మంచి జవాబులే పెట్టాను. స్కోరు 1 వచ్చింది. డాక్టరు గారు బాగానే ఉందన్నారు, మేం ఇడ్లీలు తిని ఇంటికొచ్చాం.

24 నెలల చెకప్పుకి అదే ఫారం మా ఆవిడ నింపింది, నేను కారు పార్క్ చేసి లోపలికొచ్చేలోపల. స్కోరు 6. ఆరు నెలల్లో పిల్లవాడేమీ మారలేదు, పెన్ను పట్టుకున్న మనిషి మారారంతే.

ఇంటికొచ్చాక చూస్తే ఆ ఫారం పైన మొదటి పేరాలోనే రాసి ఉంది: పిల్లవాడు ఆ పని ఎప్పుడో కొద్దిసార్లు చేశాడు కానీ మామూలుగా చెయ్యడు అనుకుంటే "కాదు" అని రాయమని. డాక్యుమెంటేషన్ చదవకుండా కోడు రాసే వాళ్ళని రోజూ తిట్టుకునే నేను ఆ పేరా చదవలేదు.

ఈ ఫారాలు ఏమిటి?

ఆ ఇరవై ప్రశ్నల ఫారం పేరు ఎమ్-చాట్. డయానా రాబిన్స్, డెబొరా ఫైన్, వాళ్ళ సహచరులు 2001లో ప్రచురించినప్పుడు దాన్లో 23 ప్రశ్నలుండేవి. 2014లో దిద్ది 20కి తగ్గించారు. 16 నుండి 30 నెలల పిల్లలకి వాడతారు. ఇది ముఖ్యంగా ఆటిజం లక్షణాల కోసం. 0 నుండి 2 వస్తే మామూలు, 8 లేక అంతకన్నా ఎక్కువ వస్తే నేరుగా పరీక్షలకి పంపమంటారు. మధ్యలో 3 నుండి 7 వస్తేనే అసలు పని మొదలవుతుంది. తప్పిన ప్రశ్నలనే మళ్ళీ విడమర్చి, ఉదాహరణలతో తల్లిదండ్రుల్ని అడగాలి. "పేరు పిలిస్తే తిరగడు అన్నారు కదా, మరి ఆటలో లేనప్పుడు పిలిస్తే ఏం చేస్తాడు?" ఇలా. ఆ రెండో విడత తరవాత కూడా 2 లేక అంతకన్నా ఎక్కువ మిగిలితే పైకి పంపిస్తారు. మా వాడికి 6 కాస్తా 3కి తగ్గింది, అయినా గీత దాటే ఉంది.

కానీ మనకి మాట రాకపోవడం, ఆటిజం తప్ప మరొకటి తట్టదు. ఈ వయసులో వచ్చే ఇబ్బందులు ఇంకా చాలా ఉన్నాయి. అతి భయం, ఎప్పుడూ చిరాకు, నిద్ర పట్టకపోవడం, తిండి దగ్గర రోజూ యుద్ధం, ఇతర పిల్లల్ని కొరకడం, ఎవరు ఓదార్చినా ఊరుకోకపోవడం. వీటిని చూడడానికి వేరే ప్రశ్నాపత్రాలున్నాయి. ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో జేన్ స్క్వైర్స్, డయాన్ బ్రికర్ బృందం చేసిన ఏ.ఎస్.క్యూ. ఎస్.ఇ. 2002లో వచ్చింది, రెండో కూర్పు 2015లో. నెల వయసు నుండి ఆరేళ్ళ దాకా, వయసుకో ఫారం. తనంతట తను శాంతించగలడా, చెప్పిన మాట వింటాడా, మనుషులతో ఎలా మసలుతాడు వంటి ఏడు అంశాల మీద అడుగుతారు. ప్రతి ప్రశ్నకీ 0, 5 లేక 10. దాని పక్కనే "ఇది మీకు ఆందోళనగా ఉందా?" అని ఒక చిన్న గడి ఉంటుంది, దాన్లో టిక్కు పెడితే ఇంకో 5. తల్లి గుబులుకి కూడా మార్కులు వేసే ఫారం ఇది! నాకు ఈ ఒక్క సంగతి బాగా నచ్చింది. జాగ్రత్త పడవలసిందల్లా, దీని అన్నయ్యలాంటి మామూలు ఏ.ఎస్.క్యూ.లో మార్కులు ఎక్కువ వస్తే మంచిది, దీన్లో ఎక్కువ వస్తే ఇబ్బంది. ఒకే రోజు రెండూ నింపిన మిత్రుడొకాయన స్కోరు చూసి పండగ చేసుకున్నాడు.

మార్గరెట్ బ్రిగ్స్-గోవన్, ఆలిస్ కార్టర్ చేసిన బిట్సియా అని ఇంకొకటుంది. 12 నుండి 36 నెలల వాళ్ళకి, 42 ప్రశ్నలు, పది నిముషాల పని. అందులో 31 ఇబ్బందుల గురించి, 11 మాత్రం పిల్లవాడికి వచ్చిన మంచి గుణాల గురించి. టఫ్ట్స్ వాళ్ళ స్విక్ అనే ఫారం పూర్తిగా ఉచితం. ఏ క్లినిక్కు ఏది వాడుతుందో వాళ్ళిష్టం. ఏది వాడినా ఫరవాలేదు, ఏదీ వాడకుండా "ఆడుకుంటున్నాడు కదా, బాగానే ఉన్నాడు" అంటేనే మనం అడగాలి.

ఎప్పుడు అడగాలి అంటే, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 9, 18, 30 నెలలకి మొత్తం ఎదుగుదలకీ, 18, 24 నెలలకి ఆటిజానికీ స్క్రీనింగ్ చెయ్యమంటుంది. ప్రవర్తనకీ, మనసుకీ సంబంధించినవి కూడా చూడాలని 2015లో వేరే నివేదిక ఇచ్చింది. 2022లో దాన్ని ప్రతి వార్షిక చెకప్పులో ఉండవలసిన అంశంగా పట్టికలోకి ఎక్కించారు. అంటే అడిగే హక్కు మనకుంది, అడిగితే వింతగా చూడరు.

స్కోరు వస్తే జబ్బు ఉన్నట్టా?

కాదు. మా ఆవిడ ఆ రాత్రంతా ఏడ్చింది కాబట్టి ఇది కొంచెం వివరంగా రాస్తాను.

2014లో ఎమ్-చాట్ కొత్త కూర్పుని 16,071 మంది పిల్లల మీద పరీక్షించారు. రెండు విడతలూ దాటి మిగిలిన పిల్లల్లో 47.5 శాతానికి ఆటిజం ఉన్నట్టు తేలింది. అంటే సగానికి పైగా పిల్లలకి లేదు. అయితే అదే గుంపులో 94.6 శాతానికి ఏదో ఒక ఎదుగుదల ఇబ్బంది ఉంది. ఈ రెండు అంకెలూ కలిపి చదవాలి. మొదటిది చూసి కుంగిపోనక్కర్లేదు, రెండోది చూశాక ఊరుకోకూడదు.

అది పరిశోధకులు దగ్గరుండి చేసిన లెక్క. మామూలు క్లినిక్కుల్లో ఎలా ఉంటుందో 2019లో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి వాళ్ళు దాదాపు 26,000 మంది పిల్లల రికార్డులతో చూశారు. అక్కడ ఫారంలో తప్పిన వాళ్ళలో ఆటిజం తేలింది 14.6 శాతానికే. ఇంకా ముఖ్యం, తరవాత ఆటిజం ఉందని తేలిన పిల్లల్లో ఈ ఫారం ముందు పట్టుకున్నది 38.8 శాతాన్నే. మిగతా వాళ్ళందరూ నాలాగే "బాగానే ఉంది" అనిపించుకుని ఇంటికి వెళ్ళినవాళ్ళు. చాలామందికి ఆ రెండో విడత ప్రశ్నలు అడగనేలేదు. తెల్లవారు కాని పిల్లల్లో, ఆడపిల్లల్లో ఫారం ఇంకా తక్కువ ఖచ్చితంగా పనిచేసింది. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, టెస్టు పాసయినంత మాత్రాన బగ్గు లేదని కాదు. ఫారంలో స్కోరు తక్కువ వచ్చినా మీకు గుబులు తగ్గకపోతే ఆ మాటే డాక్టరుతో చెప్పండి.

ఏ గుబులూ లేని పిల్లలందరికీ ఆటిజం స్క్రీనింగ్ చెయ్యడం లాభమో కాదో తేల్చడానికి సాక్ష్యం చాలదని యు.ఎస్. ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2016లో అంది. చెయ్యొద్దని అనలేదు, లెక్క తేలలేదంది. పిల్లల డాక్టర్ల అకాడమీ మాత్రం తన సలహా మార్చుకోలేదు. నా వోటు అకాడమీకే. ఫారానికయ్యేది పది నిముషాలు, నా టిక్కులకయింది ఆరు నెలలు.

న్యూజెర్సీలో లెక్కలు ఎప్పుడూ ఎక్కువగానే వస్తుంటాయి. సి.డి.సి. 2018లో ప్రకటించిన లెక్కల్లో మొత్తం మీద 59 మందిలో ఒకరికి ఆటిజం అని వస్తే, మన రాష్ట్రంలో 34 మందిలో ఒకరు. ఇక్కడి నీళ్ళలో ఏదో ఉందని ఓక్ ట్రీ రోడ్డు మీద టీ తాగుతూ చెప్పుకుంటారు. ఇక్కడ స్కూలు, ఆసుపత్రి రికార్డులు రెండూ బాగా దొరకడం, శిక్షణ ఉన్నవాళ్ళు వెతకడం దీనికి ఒక పెద్ద కారణం. వెతికిన చోట దొరుకుతాయి.

మన ఇళ్ళల్లో తికమక పెట్టే ప్రశ్నలు

ఈ ఫారాలు రాసినవాళ్ళ మనసులో ఉన్న ఇల్లు మన ఇల్లు కాదు. చెంచాతో తనంతట తను తింటాడా అంటే, నాలుగేళ్ళొచ్చినా పప్పన్నం ముద్దలు కలిపి పెట్టే ఇళ్ళు మనవి. తన గదిలో నిద్రపోతాడా అంటే, అమ్మా నాన్నల మధ్య తప్ప ఎక్కడా పడుకోడు. ఇవి పిల్లవాడి లోపాలు కావు, మన పద్ధతులు. ఏ.ఎస్.క్యూ. వాళ్ళు కూడా ఇంటి అలవాట్లని లెక్కలోకి తీసుకోమనే చెప్తారు. కాబట్టి "అవకాశం ఇవ్వలేదు, మేమే పెడతాం" అని మార్జిన్లో రాయండి. మేం రాశాం, నర్సు దాన్ని చదివి మళ్ళీ అడిగింది.

రెండు భాషల విషయం ఇంకో తలనొప్పి. "ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడండి, మాటలొస్తాయి" అని మన మిత్రులే సలహా ఇస్తారు. ఇది తప్పు. రెండు భాషలు వినడం వల్ల పిల్లల మాట వెనకబడదు. మాటలు లెక్కపెట్టేటప్పుడు మాత్రం రెండు భాషలవీ కలపాలి. "పాలు", "బాల్", "అమ్మ", "బై" అంటే నాలుగు మాటలు. తెలుగులో లెక్కపెట్టిన వాళ్ళు రెండు, ఇంగ్లీషులో లెక్కపెట్టిన వాళ్ళు రెండు అనుకుంటారు. తెలుగు మానేస్తే ముందు నష్టపోయేది పిల్లవాడు నాన్నమ్మతో ఆడే ఆటలు. ఇక మాట ఆలస్యం అనిపించిన ఏ పిల్లవాడికైనా మొట్టమొదట చెయ్యవలసింది వినికిడి పరీక్ష. పుట్టినప్పుడు చేశారు కదా అనుకోకండి, తరవాత చెవిలో నీరు చేరి కూడా తగ్గవచ్చు.

నాన్నమ్మలు, అమ్మమ్మలు ఆర్నెల్లుండి వెళ్ళిపోవడం కూడా మన ఇళ్ళల్లోనే ఉంది. మా అమ్మ వెళ్ళిన వారం మా వాడు తలుపు దగ్గర కూర్చుని తిండి మానేశాడు. ఆ వారంలో ఫారం నింపితే స్కోరు ఆకాశానికి వెళ్ళేది. అందుకని ఇంట్లో పెద్ద మార్పు ఏదన్నా జరిగితే అది డాక్టరుకి చెప్పండి, కొన్ని వారాలాగి మళ్ళీ నింపండి. ఆగడమంటే వారాలు, సంవత్సరాలు కాదు.

అన్నం తినిపించడానికి ఫోను పెట్టడం... మేమూ పెట్టాం. దాని వల్లే ఇదంతా వచ్చిందని ఎవరూ అనలేదు, కానీ ఫోను ఉన్నంతసేపూ పిల్లవాడు మన మొహం చూడడన్నది నిజం. ఒకటిన్నర ఏడు లోపు స్క్రీన్లు వద్దని చెప్పే అకాడమీ వీడియో కాల్‌కి మాత్రం మినహాయింపు ఇచ్చింది. నాన్నమ్మలు బతికిపోయారు.

తల్లి మనసు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చలికాలం, అపార్ట్‌మెంటు, భర్త ఆఫీసులో, తెలిసిన మొహం లేదు. తల్లికి దిగులు పట్టుకుంటే అది పిల్లవాడి ప్రవర్తనలో కనిపిస్తుంది. కాన్పు తరవాత డిప్రెషన్‌కి స్క్రీనింగ్ తప్పనిసరి చేస్తూ దేశంలోనే మొదటగా చట్టం చేసింది న్యూజెర్సీ, 2006లో. 1987లో వచ్చిన ఎడిన్‌బరో ప్రశ్నాపత్రం పది ప్రశ్నలే. దాన్ని కూడా మనవాళ్ళు నవ్వుతూ అన్నీ "బాగానే ఉంది" అని నింపుతారు. నేను నింపినట్టే.

గీత దాటితే ఎక్కడికి?

మూడేళ్ళ లోపు పిల్లలకి ప్రతి రాష్ట్రంలోనూ ఎర్లీ ఇంటర్వెన్షన్ అని ఒక ఏర్పాటు ఉంది. 1986లో కాంగ్రెస్ చేసిన చట్టంతో మొదలయింది. న్యూజెర్సీలో దీన్ని ఆరోగ్యశాఖ నడుపుతుంది, ఫోను నంబరు 888-653-4463. డాక్టరు చీటీ అక్కర్లేదు, తల్లిదండ్రులే ఫోను చెయ్యొచ్చు. ఏ వ్యాధి పేరూ చెప్పక్కర్లేదు. పిల్లవాడి పుట్టిన తేదీ, మీకు కనిపించింది ఏమిటో రెండు మాటల్లో చెప్తే చాలు. ఫోను చేసిన రోజు నుండి 45 రోజుల్లో పరీక్ష, అర్హత ఉంటే ప్రణాళిక సమావేశం జరగాలని చట్టం. ఇంట్లో మాట్లాడే భాషలో పరీక్ష వీలైతే చెయ్యాలని కూడా ఉంది కాబట్టి, తెలుగు దుబాసీ కావాలని మొదటి ఫోన్లోనే అడగండి.

మా ఇంటికి ఇద్దరు వచ్చారు. నేల మీద కూర్చుని, కప్పులు, బొమ్మలు, సబ్బు బుడగలతో వాడితో ఆడారు. పరీక్షలా లేదు. బుడగ పగిలాక వాడు ఇంకా కావాలని మా మొహం చూస్తాడా, డబ్బా వైపు చూస్తాడా అన్నది వాళ్ళు గమనిస్తున్నారని నాకు తరవాత తెలిసింది. వాడు డబ్బానే చూశాడు.

పరీక్షకీ, ప్రణాళికకీ డబ్బు తీసుకోరు. తరవాత వారం వారం వచ్చే థెరపీకి మాత్రం కుటుంబ ఆదాయాన్ని బట్టి వాటా ఉంటుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేసే మనలాంటి ఇళ్ళకి అది సున్నా కాదు. ఆటిజం చికిత్సలకి ఇన్సూరెన్సు కవరేజీ ఇవ్వాలని 2009లో రాష్ట్రం చట్టం చేసింది కానీ, కంపెనీయే సొంతంగా భరించే ప్లాన్లకి ఆ చట్టం వర్తించదు. మన కంపెనీల్లో చాలా ప్లాన్లు అవే. హెచ్.ఆర్.ని అడిగి తెలుసుకోండి.

హెచ్-1బిలో ఉన్నవాళ్ళు నన్ను గుళ్ళో పక్కకి పిలిచి అడిగే ప్రశ్న ఒకటుంది: ఇది తీసుకుంటే గ్రీన్ కార్డుకి అడ్డమా అని. పబ్లిక్ చార్జ్ మీద 2019లో వచ్చిన కఠినమైన నియమం గానీ, దాని బదులు 2022లో వచ్చింది గానీ ఈ సేవల్ని లెక్కలోకి తీసుకోలేదు. ఈ నియమాలు ప్రభుత్వంతో పాటు మారుతుంటాయి కాబట్టి మీ లాయరుని ఒక మాట అడగండి, కానీ ఆ భయంతో ఫోను మాత్రం ఆపకండి.

పిల్లల్ని కొన్నాళ్ళు ఊళ్ళో తాతగారింట్లో ఉంచేవాళ్ళూ మనలో ఉన్నారు. అక్కడా దారి ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్వాడీల్లో పిల్లల్ని చూసి, అవసరమైతే జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుండి ఉన్న జాతీయ సంస్థ ఉంది. ఇప్పుడు దాన్ని నీపిడ్ అంటున్నారు. మన దేశంలో ఇవి లేవనుకుంటే పొరపాటు. హైదరాబాదుతో సహా అయిదు చోట్ల జరిపి 2018లో ప్రచురించిన ఇన్‌క్లెన్ అధ్యయనంలో, వినికిడి, మూర్ఛ వంటివి కూడా కలుపుకుని, రెండు నుండి ఆరేళ్ళ లోపు పిల్లల్లో 9.2 శాతానికి ఏదో ఒక ఇబ్బంది ఉండవచ్చని అంచనా వేశారు.

ఎర్లీ ఇంటర్వెన్షన్ వాళ్ళు వ్యాధి పేరు పెట్టరు, సాయం మాత్రం మొదలుపెడతారు. పేరు పెట్టే స్పెషలిస్టు అపాయింట్‌మెంటుకి నెలలు పడుతుంది కాబట్టి రెండు క్యూల్లోనూ ఒకేసారి నిలబడండి. మా వాడికి ఆ స్పెషలిస్టు ఏం చెప్పారో ఇక్కడ రాయను. అది వాడి సంగతి, పెద్దయ్యాక చెప్పాలనిపిస్తే వాడే చెప్పుకుంటాడు. థెరపిస్టు మాకు నేర్పింది మాత్రం రాస్తాను. వాడు నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాగినప్పుడు వెంటనే తలుపు తియ్యకుండా, కింద కూర్చుని, మొహం ఎదురుగా పెట్టి, నోరు మూసుకుని పది అంకెలు లెక్కపెట్టమంది. మొదటి వారం తల కొట్టుకున్నాడు. నాలుగో వారం నా మొహం చూసి, పాల డబ్బాని వేలితో చూపించాడు. మా అమ్మకి వీడియో పంపాను. వస పనిచేసిందంది.

మూడో పుట్టినరోజుతో ఎర్లీ ఇంటర్వెన్షన్ ఆగిపోతుంది, బాధ్యత స్కూలు డిస్ట్రిక్టుకి మారుతుంది. దానికి కనీసం 90 రోజుల ముందే సమావేశం జరగాలి. మీ వంతుగా డిస్ట్రిక్టులోని చైల్డ్ స్టడీ టీముకి పరీక్ష కావాలని ఉత్తరం రాసి, తేదీ వేసి, కాపీ ఒకటి దాచుకోండి. ఉత్తరం రాయడం రాకపోతే స్టేట్‌వైడ్ పేరెంట్ అడ్వొకసీ నెట్‌వర్క్ వాళ్ళు ఉచితంగా చెప్తారు. అడ్రసు కూడా సరిచూసుకోండి. ఓక్ ట్రీ రోడ్డుకి ఈ చివర మా ఐసెలిన్, అంటే ఉడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్ డిస్ట్రిక్టు, ఆ చివర ఎడిసన్ డిస్ట్రిక్టు. రెండూ ఒకటే ఊరనుకుని ఉత్తరం ఎడిసన్‌కి పంపిన మా పక్కింటాయనకి అది తిరిగొచ్చేసరికి మూడు వారాలు పట్టింది.